రాములమ్మ ఆపిన బల్ల

"...ఒక్క మాట, 'లేదు' అనే ఒక్క మాట అననీకి నీ నోరేమన్న పడిపోయిందా? నా కోడలు కడుపుల ఉన్నది నీకేం పాపం చేసింది?"

"నీ కోడల్ని నేనేమన్న అన్ననా అక్కా?"

"అననే లేదు. అనకుంటనే చంపుతున్నవ్. రెండు కడుపులు పోయినయ్ దానికి. మూడోదానికి ఏడో నెల నడుస్తుంది. బల్ల లేక ఆర్నెల్లాయె. రేపు దానికేమన్న అయితే..."

"అయితే నా మీదికేనా?"

"నీ మీదికి గాకుంటే ఎవల మీదికి? మొన్న సామేలు బర్రె చచ్చిందంటే ఎవల పేరు చెప్పిన్రో తెల్వదా? అందరు ఎనక అంటున్నరు, నేను ముంగట అంటున్న. గంతే."

చేతిపంపు దగ్గర వరుసలో ఉన్న ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ వింటున్నారు. ఎవరూ కలగజేసుకోలేదు. అరుస్తున్నది ఎస్తేరమ్మ, చర్చి సంఘపెద్ద సంజీవ భార్య. ఆమె బిందెకు పంపు కొట్టిపెడుతున్నది రాములమ్మ.

"బిందె నిండిందక్కా," అని రాములమ్మ చేయి తీసేసింది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్తేరమ్మ బిందెను నడుముకెత్తుకుని వెనక్కి తిరిగింది. "నవ్వుర్రి, నవ్వుర్రి. మీ ఇండ్లల్ల గూడ కడుపుతోని ఉన్నోళ్లు ఉన్నరు."

నవ్వు ఆగిపోయింది. రాములమ్మ తన బిందె పెట్టుకుంది. వరుసలో తర్వాత ఉన్న ఆమె పంపు కొట్టడానికి ముందుకు రాలేదు. ఒక చేత్తో బిందె పట్టుకుని, ఒక చేత్తో రాములమ్మే కొట్టుకుంది.

తొర్రూరు నుంచి ఆటోలో అరగంట పోతే వచ్చే ఆ ఊళ్లో క్రైస్తవ కుటుంబాలు నలభై. రేకుల కప్పు చర్చి ఒకటుంది. పాస్టరు రాజీవ్ ఆదివారాలు తొర్రూరు నుంచి మోటారు సైకిలు మీద వచ్చి పోతాడు. మిగతా రోజుల్లో అన్నీ సంజీవే. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. క్రీస్తు శరీరానికి గుర్తుగా రొట్టె తుంచుకుని తింటారు, రక్తానికి గుర్తుగా ద్రాక్షరసం తాగుతారు. పట్నంలో చర్చీలకు చిన్న చిన్న బిళ్లలు పొట్లాల్లో వస్తాయట. ఇక్కడ ఒకటే రొట్టె. ఒకే ఇంట్లో చేయాలి, నలభై ఇళ్ల వాళ్లూ అందులోంచే తినాలి. ఆ ఇల్లు రాములమ్మది. అంతకు ముందు ఆమె అత్తది.

బల్లకు ముందు రోజు, శనివారం పొద్దున్నే, ఉపవాసంతో తలస్నానం చేసి ఇత్తడి తాంబాళం పట్టుకుని రాములమ్మ చర్చికి వెళ్తుంది. సంఘపెద్ద ఎదురుగా నిలబడి, తెల్లదొరల కాలంలో ఎవరో రాసిపెట్టిన ప్రశ్నను అలాగే అడుగుతాడు. "నీకు ఎవరి మీదనైనా విరోధము కలదా?" ఆమె "లేదు" అంటే డబ్బా మూత తీసి తాంబాళంలో మానెడు గోధుమలు పోస్తాడు. వాటిని ఇంట్లో ఇసుర్రాయితో విసిరి, ఉప్పు వేయకుండా, పులియనీయకుండా పిసికి, పెంక మీద కాల్చి తెస్తుంది.

ఇరవై రెండేళ్లుగా "లేదు" అంటూనే వచ్చింది. విరోధాలు లేక కాదు. శుక్రవారం పొద్దుగూకేలోపు వాటిని తెంపుకునేది. తనను తిట్టినవాళ్ల వాకిట్లో తానే వెళ్లి నిలబడేది. భర్త యాకయ్య తాగొచ్చి కొట్టిన వారాల్లోనూ అతనికి అన్నం పెట్టి, అతను తినేదాకా కూర్చుని, అప్పుడు లేచేది. అది మంచితనమని ఎవరన్నా అంటే ఒప్పుకునేది కాదు.

"మంచితనం గాదు, భయం. మనసుల ఒకటి పెట్టుకుని పిండి పిసికితే గది తిన్నోళ్లందరి కడుపులకు పోతది."

సంఘానికీ ఆ భయం ఉంది. ముప్పై ఏళ్ల కింద రాములమ్మ అత్తకు జ్వరమొస్తే ఒక నెల ఇంకో ఇంట్లో రొట్టె చేశారు. ఆ వారంలోనే అప్పటి సంఘపెద్ద పొలం గట్టు మీద కూలిపోయాడు. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. చర్చిలో మాత్రం రొట్టె మారినందుకే అనుకున్నారు. తాంబాళం ఇంకొకరికి పోవాలంటే, పట్టుకున్న మనిషి సంఘం ముందర తన చేతులతో తానే ఇవ్వాలని అప్పటి నుంచి కట్టుబాటు.

రాములమ్మ పుట్టిల్లు రఘునాథపల్లి పక్కన. పద్దెనిమిదో ఏట ఈ ఊరికి కోడలుగా వచ్చింది. బాప్తిస్మంలో రూతు అని పేరు పెట్టారు. ఆ పేరు సంఘం రిజిస్టరులో ఉంది. ఆధార్ కార్డులో రాములమ్మ, రేషన్ కార్డులో రాములమ్మ, ప్రార్థనలో ఆమెను దేవునికి అప్పగించేవాళ్లు కూడా రాములమ్మ అనే అప్పగిస్తారు. ఎనిమిదేళ్ల కింద యాకయ్య బావి మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. అప్పటికి కూతురు మేఘనకు పదకొండేళ్లు. ఒక్కతే బిడ్డ. రాములమ్మ మిర్చి ఏరడానికీ, పత్తి తీయడానికీ, మిర్చి లేనప్పుడు తొర్రూరులో వ్యాపారుల దగ్గర తొడిమలు తీయడానికీ పోయి దాన్ని డిగ్రీ రెండో సంవత్సరం దాకా తెచ్చింది.

మిర్చి పట్టిన చెయ్యి రెండు రోజులు మండుతుంది. మజ్జిగతో కడిగినా, నూనె రాసినా ఘాటు పోదు. ఆ చేత్తో చేసిన రొట్టె పెదవికి తగిలితే పిల్లలు ఏడుస్తారు. అందుకని బల్ల ఉన్న వారం శుక్రవారం, శనివారం ఆమె మిర్చి పనికి పోదు. కానీ ఫిబ్రవరిలో కాయ పండి రాలుతుంటుంది, కూలి ముఠాలో ఒక్క మనిషి తగ్గినా మేస్త్రి ఊరుకోడు. ఈ ఏడు ఫిబ్రవరి బల్లకు ముందు శనివారం తల్లి బదులు మేఘన పోతానంది.

"నీ దేవునికి రొట్టె నువ్వు చెయ్యి. మేస్త్రికి మిర్చి నేనేర్త. ఇద్దరు ఖుషీ."

"నోరు జర దగ్గర పెట్టుకో," అంది రాములమ్మ. సద్దిగిన్నె మూత బిగించి ఇచ్చింది.

సాయంత్రం మిర్చి బస్తాలతో, ఎనిమిది మంది ఆడవాళ్లతో వస్తున్న ట్రాక్టరు కాలువ కట్ట మీద అడ్డం తిరిగి బోల్తా పడింది. నడిపింది సంజీవ కొడుకు చిరంజీవి. ఏడుగురికి చేతులో కాళ్లో విరిగాయి. మేఘన ఇంజను కింద పడింది. కబురు వచ్చేసరికి రాములమ్మ సగం పిండి పిసికి ఉంది. అలాగే, పిండి చేతులతోనే, ఎవరిదో బండెక్కి మానుకోట దవాఖానకు పోయింది. పంచనామా కాగితం మీద వేలిముద్ర తీసుకునే కానిస్టేబులు ముందు చేతులు కడుక్కుని రమ్మన్నాడు. తెల్లారి ఊళ్లో ఇద్దరు ముగ్గురు సంజీవ ఇంటికొచ్చి, ఇవాళ బల్ల ఉన్నట్టా లేనట్టా అని అడిగి పోయారు.

చిరంజీవి ములుగు ఘనపూర్‌లో అత్తగారింట్లో మూడు రోజులు దాక్కుని తర్వాత స్టేషనులో లొంగిపోయాడు. పదిహేను రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. వచ్చిన ఆదివారమే చర్చిలో మోకరించాడు. పాస్టరు అతని తల మీద చెయ్యి పెట్టి, దేవుని కనికరానికి హద్దు లేదని, ఇవాళ్టితో పాత లెక్క చెరిగిపోయిందని చెప్పాడు. చాలామంది ఏడ్చారు. ఎస్తేరమ్మ కొడుకును పట్టుకుని ఏడ్చింది. గోడ పక్కన చాప మీద కూర్చున్న రాములమ్మను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ తర్వాతి శనివారం, మార్చి మొదటిది, ఆమె తాంబాళంతో చర్చికి వెళ్లింది. రాదేమోనని సంజీవ పొద్దుట్నుంచీ కంగారుపడుతున్నాడు. ఆమెను చూసి డబ్బా మూత ముందే తీసి పెట్టుకున్నాడు.

"నీకు ఎవరి మీదనైనా విరోధము కలదా?"

"ఉంది."

అలవాటు కొద్దీ గోధుమల్లోకి పోయిన అతని చెయ్యి అక్కడే ఆగింది.

"ఏందీ?"

"ఉంది బావా. నీ కొడుకు మీద."

"జర సోచాయించి చెప్పు రాములమ్మా. అయ్యగారు మాఫ్ చేసిండు. సంఘమంత మాఫ్ చేసింది."

"పోయింది వాళ్ల బిడ్డ గాదు గద."

"దేవుడు చేసినంక నువ్వెవరు?"

"నేనెవర్ని గాదు. లేదని చెప్తే అబద్ధమైతది. గా అబద్ధంతోని రొట్టె జేసి మీ అందరికి పెట్టమంటవా?"

సంజీవ మూత పెట్టేశాడు. ఆ నెల బల్ల జరగలేదు.

మొదట్లో ఊరు ఆమెనేమీ అనలేదు. కడుపుకోత, ఒక నెల చూద్దాం అన్నారు. శనివారం శనివారం ఆమె తాంబాళంతో వెళ్తుందేమోనని చూశారు. ఏప్రిల్లో వెళ్లింది, "ఉంది" అని చెప్పి వచ్చింది. ఈస్టరు కూడా బల్ల లేకుండానే పోయింది. అప్పటి నుంచి ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి బోరు ఎండినా లెక్క ఆమె గుమ్మం దాకా వచ్చేది.

ఈస్టరు తర్వాత ఒక ఆదివారం, దేవుడు తమకు చేసిన మేళ్లను చెప్పుకునే సాక్ష్యాల వేళ, చిరంజీవి లేచాడు. తండ్రి వెనక నుంచి చిన్నగా వీపు తట్టాడు.

"ఆ దినం బ్రేకు పడలే. బండి కాలువలకు పోతుంటే దేవుడు చెయ్యి అడ్డం పెట్టిండు. ఎనిమిది మందిల ఏడుగురిని కాపాడిండు."

"స్తోత్రం!" అన్నారు ఆడవాళ్లు.

"నన్ను కాపాడిండు. నా ఒంటి మీద చిన్న గీత గూడ పడనియ్యలే."

"స్తోత్రం!"

రాములమ్మ పక్కన కూర్చున్నామె రెండోసారి అనబోయి ఆమె వైపు చూసి ఆగింది. కాసేపటికి, పాట మొదలయ్యాక, మిగతావాళ్లతో కలిసి చప్పట్లు కొట్టింది.

మే నెలలో పాస్టరు తొర్రూరు బేకరీ నుంచి బ్రెడ్డు తెచ్చాడు. దేవునికి ఏ రొట్టె అయినా ఒకటేనని చెప్పి, ప్రార్థన చేసి, విరిచి చెయ్యి చాపాడు. ఒక్కరూ లేవలేదు. సంజీవ పాటల పుస్తకంలో ఏదో వెతుకుతూ తలెత్తలేదు. చివరికి ఒక ముసలాయన అన్నాడు, "మీరు తినుర్రి అయ్యగారూ. మీకేం గాకపోతే వచ్చే నెల మేం తింటం." పిల్లలు నవ్వారు. పాస్టరు ఒక్కడే తిన్నాడు. పది రోజుల తర్వాత వానలో బండి జారి అతని మణికట్టు విరిగింది. ఇంకెవరూ బేకరీ మాటెత్తలేదు.

జూన్‌లో స్త్రీల కూటం వాళ్లు రాములమ్మ వాకిట్లోనే ఉపవాస ప్రార్థన పెట్టారు. పన్నెండు మంది వచ్చారు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ చేతులెత్తి, గట్టిగా, ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఈమెది రాతిగుండె ప్రభువా, దాన్ని పగలగొట్టు, అన్నారు. ఎస్తేరమ్మ వంతు వచ్చింది.

"ఒక్కగానొక్క బిడ్డను తీసుకున్నా ఈమెకు బుద్ధి రాలే తండ్రీ. ఇంకేం తీసుకుంటే వస్తదో నీకే తెలుసు."

"ఆమెన్," అన్నారు అందరూ.

ఉపవాసం విడిచే వేళకు రాములమ్మ లేచి టీ పెట్టింది. పన్నెండు మందీ తాగారు. ఒకామె చక్కెర తక్కువైందంది.

జూలైలో చేతికి కట్టుతో పాస్టరు ఇంటికి వచ్చాడు. కుర్చీ లేకపోతే గడప మీదే కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. మేఘన ఫీజు కోసం ఒకసారి కాలేజీ ప్రిన్సిపాలుతో మాట్లాడాడు కూడా.

"దేవుడంటే నీకు భయం ఉందనుకున్నానమ్మా ఇన్నాళ్లూ."

"భయముండే గద అయ్యగారూ నిజం చెప్తున్న."

"ఆయన నీ పాపాలన్నీ క్షమించాడు. నువ్వు ఒక్కణ్ని క్షమించలేవా? మనం క్షమించకపోతే తండ్రి మనల్ని క్షమించడు. ఇది నా మాట కాదు, వాక్యం."

"తెలుసు."

"తెలిసీ ఇట్లా ఉంటే ఎలా? మేఘన ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది. నీకు దాన్ని చూడాలని లేదా?"

రాములమ్మ పాస్టరు మొహంలోకి చూసింది.

"చూడనియ్యడా?"

పాస్టరు కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకున్నాడు. "నేనేం చెప్పగలనమ్మా," అన్నాడు.

అతను వెళ్లాక ఆమె గడపలోనే కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. మర్నాడు మామూలుగా ఆటో ఎక్కి తొర్రూరు వెళ్లింది. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన మిర్చికి తొడిమలు తీసింది.

మరుసటి వారం చిరంజీవి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. వ్యాపారి ఇంటికి పంపిన రెండు బస్తాల మిర్చి ముందరేసుకుని రాములమ్మ తొడిమలు తీస్తోంది. అతను వాకిట్లో ఎండలోనే నిలబడ్డాడు. ట్రాక్టరు మానేసి మార్కెట్‌లో బస్తాలు మోస్తున్నాడు. చిక్కిపోయాడు.

"చిన్నమ్మా."

ఆమె తలెత్తలేదు.

"నీకాడికి పోవద్దన్నది మా అమ్మ. దొంగతనంగ వచ్చిన."

"వచ్చినవ్ గద. చెప్పు."

"అందరు మాఫ్ చేసిన్రు చిన్నమ్మా. ఒక్కడు గూడ ఒక్క మాట అడగలే. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి అయిపోయింది పో అన్నడు. నేను నిజంగనే అయిపోయిందనుకున్న. పదిరోజులు మంచిగ నిద్రపోయిన." అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు. "గంత ఉట్టిగ ఎట్ల అయిపోతది? ఒక దెబ్బన్న కొట్టకుంట ఎట్ల ఇడిసిపెడ్తడు? నాకు భయమైతుంది."

"ఎవలంటే?"

"దేవుడంటే. కొడితే గింత భయం కాకపోతుండె."

మిర్చి ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. తొడిమలు ఒక పక్క, కాయలు ఒక పక్క.

"బ్రేకు పడలే అన్నవ్ గద సాక్ష్యంల," అంది రాములమ్మ.

"బాపు అట్ల చెప్పమన్నడు. కేసుకు మంచిగుంటదని."

"ఎంత తాగినవ్?"

"క్వార్టరు. అటెన్క ఇంకింత."

"దాన్నెక్కడ కూసోబెట్టినవ్?"

ఆమె చేతులు ఆగాయి. అప్పుడు చెప్పాడు.

"ఎనక బస్తాలతోని నిండింది. నిలబడి ఉండె. నేనే పిలిచిన. ఇటు రా చెల్లె, మడ్‌గార్డు మీద కూసో అన్న. మంచిగనే పిలిచిన చిన్నమ్మా. కాళ్లు నొస్తున్నయ్ అన్నదని."

ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు. వెనక ట్రాలీలో ఉన్న ఏడుగురూ బతికారు. ఇంజను మీద ఉన్నది కాబట్టి మేఘన పోయింది. అతను పిలిచాడు కాబట్టి ఇంజను మీద ఉంది. కాళ్లు నొప్పి అన్నది కాబట్టి పిలిచాడు.

చిరంజీవి ముందుకొచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కొట్టు చిన్నమ్మా. చెప్పు తీసుకుని కొట్టు. నీ కాళ్లు మొక్కుత."

రాములమ్మ చెయ్యి లేచింది. ఎర్రగా, గోళ్ల సందుల్లో గింజలతో ఉన్న ఆ చేతిని చూసుకుని కిందికి దించింది.

"మిర్చి చేతులు. కండ్లల్ల పడ్తది. పో."

అతను పోలేదు. అలాగే కూర్చున్నాడు. ఆమె మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. బస్తాలో సగం అయ్యేసరికి చూస్తే వాకిలి ఖాళీగా ఉంది.

ఎస్తేరమ్మ పంపు దగ్గర అరిచింది ఆ తర్వాత రెండు రోజులకే. జూలై చివరి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ కూటం ఉందని, తాంబాళం వెంట తెచ్చుకోవాలని సంజీవ రాములమ్మకు కబురు పంపాడు.

ఎవరూ ఇళ్లకు పోలేదు. రేకుల కింద ఉక్కగా ఉంది. సంజీవ ముందర నిలబడ్డాడు. పక్కన కుర్చీలో పాస్టరు. ఆడవాళ్ల వైపు మొదటి వరుసలో ఎస్తేరమ్మ. ఆమె పక్కన కోడలు సౌందర్య, గోడకు ఆనుకుని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కూర్చుంది.

"ఆర్నెల్లు చూసినం," అన్నాడు సంజీవ. "ఒక్క మనిషి కోసం నలభై ఇండ్లు దేవుని బల్లకు దూరమైనయ్. రాములమ్మను ఎవ్వరు ఏమంటలేరు. మనసు రాకుంటే రాకపాయె. తాంబాళం ఇచ్చెయ్యాలె. మా సౌందర్య చేస్తది."

వెనక ఎక్కడో చిన్న గుసగుస లేచి ఆగింది.

"నాకొద్దు మామా," అంది సౌందర్య.

"నువ్వూకో," అంది ఎస్తేరమ్మ.

"నాకు భయం అత్తా. నేను ముట్ట. నా కడుపుల ఉన్నదానికేమన్నయితే?"

"ముట్టకపోతే అయితదే పిచ్చిదానా!" ఎస్తేరమ్మ ఆమె మోచెయ్యి గిల్లింది. సౌందర్య ఏడుపు మొదలుపెట్టింది.

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "రాములమ్మా, నువ్వేమంటావు?"

రాములమ్మ లేచింది. సంచిలోంచి తాంబాళం తీసింది.

"ఇస్త."

"స్తోత్రం," అన్నారు కొందరు. సంజీవ కళ్లు మూసుకుని తెరిచాడు.

"ఇచ్చేముందు ఎవరికిస్తున్ననో వాళ్లను గా ప్రశ్న అడగాలె గద బావా."

"అడుగుత. సౌందర్యా, లే బిడ్డా."

"సౌందర్యను గాదు. నీ కొడుకును అడుగు."

మగవాళ్ల వైపు చివరి వరుసలో, చెప్పుల దగ్గర కూర్చున్న చిరంజీవి తలెత్తాడు.

"ఇది ఆడోళ్ల పని," అన్నాడు సంజీవ.

"వాక్యంల ఎక్కడన్న రాసి ఉందా అయ్యగారూ?"

పాస్టరు సంజీవ వైపు చూశాడు. "లేదు," అన్నాడు.

"తమాషా చేస్తున్నవా?" ఎస్తేరమ్మ లేచి నిలబడింది. "వాని పాపమేందో వానికే సరిపోక ఉంటే గా పిండి ముట్టిచ్చి నా కొడుకును సంపుదామనా?"

"పాత లెక్క చెరిగిపోయిందన్నరు గద అక్కా. మీరే స్తోత్రం అన్నరు."

చిరంజీవి లేచి ముందుకు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తండ్రికి ఎదురుగా, రాములమ్మ ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు.

"కూసోరా," అన్నాడు సంజీవ తగ్గు గొంతుతో.

"అడుగు బాపు."

సంజీవ అడగలేదు. పాస్టరు అడిగాడు. "నీకు ఎవరి మీదనైనా విరోధము కలదా?"

"లేదు. నాకు ఎవల మీద ఉంటది అయ్యగారూ?" అతని గొంతు మొదట వినపడలేదు. తర్వాత అందరికీ వినపడింది. "బ్రేకు మంచిగనే ఉండె. నేను తాగి ఉన్న. మడ్‌గార్డు మీదికి నేనే పిలిచిన. సాక్ష్యంల అబద్ధం చెప్పిన."

"కేసు నడుస్తుంది రా!" అని ఎస్తేరమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, కేసు నడుస్తుంది రా! ఎవలు ఇనకుర్రి, వాడు పరేషాన్‌ల ఏదో అంటున్నడు!"

సంజీవ కొడుకు చెంప మీద కొట్టాడు. చర్చిలో, బల్ల ముందర. చిరంజీవి కదల్లేదు. సౌందర్య ఏడుపు మధ్యలోనే ఆగి వెక్కిళ్లుగా మారింది.

రాములమ్మ వెళ్లి తాంబాళం అతని చేతుల్లో పెట్టింది. అతను సరిగ్గా పట్టుకునేదాకా అంచు వదల్లేదు.

"వాని చేతి రొట్టె ఎవలు తింటరే?" ఎస్తేరమ్మ ఆడవాళ్ల వైపు తిరిగింది. "మీరు తింటరా? ఆఁ? ఎవలు తింటరు?"

ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. పాస్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"శనివారం పిండి వీడు పిసుకుతడు," అంది రాములమ్మ. "ఆదివారం అందరికంటె ముందు నేను తింట."